డ్యూయల్ క్రెడిట్ అమెరికన్ లిటరేచర్‌లో మొదటి పేపర్‌కే 72, డ్రాప్ చేయించాలా?

ప్లేనో_అమ్మ:

అందరికీ నమస్తే. మేం డాలస్ పక్కన ఉంటాం, మా పాప ట్వెల్త్ గ్రేడ్. పోయినేడాది డ్యూయల్ క్రెడిట్‌లో, అంటే హైస్కూల్లో ఉండగానే రెండు చోట్లా లెక్కకొచ్చేలా, కమ్యూనిటీ కాలేజ్ వాళ్ల ఇంగ్లిష్ 1301, 1302 చేసింది, రెండిట్లోనూ ఏ వచ్చింది, అందుకని ఈ ఫాల్‌లో 2327 తీసుకుంది, అంటే అమెరికన్ లిటరేచర్ ఫస్ట్ పార్ట్, మొదట్నుంచి సివిల్ వార్ దాకా. కౌన్సెలర్ కూడా ఏం పర్లేదు చేసేస్తుంది అంది. తీరా క్లాస్ మొదలయ్యాక చూస్తే అన్నీ 1600ల నాటి ప్యూరిటన్లు అనే నిష్ఠగల క్రైస్తవుల రాతలు, ఒక్కో వాక్యం అరపేజీ ఉంటుంది, కథ ఉండదు, డైలాగ్ ఉండదు. విలియం బ్రాడ్‌ఫర్డ్ అని మేఫ్లవర్ ఓడలో వచ్చినాయన రాసిన ప్లిమత్ కాలనీ చరిత్ర మీద రెండు పేజీల రెస్పాన్స్ పేపర్ రాయమన్నారు. పాప రెండు రాత్రులు కూర్చుని రాసింది, 72 వచ్చింది. ప్రొఫెసర్ కామెంట్ ఒకే లైను, "ఇది సమ్మరీ, అనాలిసిస్ కాదు" అని. అంతే, ఏం చెయ్యాలో చెప్పలేదు.

అప్పట్నుంచి ఏడుపు. పాపకి ప్రీమెడ్ వెళ్లాలని ఉంది, ఈ గ్రేడ్ కాలేజ్ ట్రాన్స్‌క్రిప్ట్ మీద ఎప్పటికీ ఉంటుందట కదా. వాళ్ల నాన్న డ్రాప్ చేసేయ్ అంటున్నారు, నాకేమో అప్లికేషన్ల టైంలో డ్రాప్ అంటే భయంగా ఉంది. నేను బీఎస్సీ ఎమ్‌పీసీ, సాహిత్యం అంటే నాకు టెన్త్ తెలుగు వాచకమే. ప్రొఫెసర్‌కి నేను మెయిల్ పెట్టి అడగనా? ఇంట్లో మేం ఏదైనా హెల్ప్ చెయ్యగలమా? ఎవరి పిల్లలైనా చేసుంటే చెప్పండి ప్లీజ్.

ఆస్టిన్_బావగారు:

ముందు ప్రొఫెసర్‌కి మెయిల్ మాత్రం పెట్టకండి మేడం. కాలేజ్ కోర్సు అంటే పాప వయసు పదిహేడే అయినా ఫెర్పా అనే స్టూడెంట్ రికార్డుల ప్రైవసీ చట్టం ప్రకారం ఆ రికార్డుల మీద హక్కు పాపదే, మీరు అడిగినా ఆయన గ్రేడ్ గురించి మాట్లాడకపోవచ్చు, పైగా పాపకి సిగ్గుగా ఉంటుంది. పాపనే ఆఫీస్ అవర్స్‌కి వెళ్లమనండి.

డ్రాప్ సంగతి. టెక్సస్‌లో గ్రాడ్యుయేట్ అవ్వాలంటే నాలుగు ఇంగ్లిష్ క్రెడిట్లు కావాలి, ఈ 2327 పాపకి ఇంగ్లిష్ ఫోర్ కింద లెక్క అవుతూ ఉంటుంది, మధ్యలో మానేస్తే హైస్కూల్లో మామూలు ఇంగ్లిష్ క్లాసులో సీటు దొరకాలి, ఇదంతా కౌన్సెలర్‌తో మాట్లాడకుండా ఏ బటనూ నొక్కొద్దు. డెడ్‌లైన్ లోపల విత్‌డ్రా అయితే ట్రాన్స్‌క్రిప్ట్ మీద డబ్ల్యూ పడుతుంది, జీపీఏలో కలవదు గానీ కనపడుతుంది. కాలేజీలకి సీనియర్ ఇయర్ షెడ్యూల్ పంపాక మారిస్తే వాళ్లకీ చెప్పాలి.

మెడికల్ స్కూల్ మాట ఎత్తారు కాబట్టి చెప్తున్నా, మీ భయం ఉత్తది కాదు. మెడికల్ స్కూళ్లకి అప్లై చేసేప్పుడు హైస్కూల్లో చేసిన కాలేజ్ కోర్సుల ట్రాన్స్‌క్రిప్టులు కూడా ఇవ్వాలి, ఆ గ్రేడ్లు కూడా జీపీఏలో కలుస్తాయి. మా పెద్దాడికి నాలుగేళ్ల తర్వాత ఇదే తగిలింది. కానీ సిలబస్ తీసి ఆ పేపర్ వెయిట్ ఎంతో చూడండి. పది శాతమే అయితే 72 వచ్చినందువల్ల పోయింది 2.8 మార్కులు. దానికోసం కోర్సు వదిలేస్తారా ఎవరైనా?

పార్ట్‌టైం_పంతులమ్మ:

నేను వేరే స్టేట్‌లో కమ్యూనిటీ కాలేజీలో పార్ట్‌టైమ్‌గా ఇదే సర్వే కోర్సు చెప్తాను, క్లాసులో సగం మంది హైస్కూల్ పిల్లలే ఉంటారు. మీ పాపకి వచ్చిన కామెంట్ నేను ప్రతి ఫాల్‌లోనూ రాస్తుంటా, కాబట్టి ఆ ప్రొఫెసర్ మనసులో ఏముందో నాకు తెలుసు 🙂

మీకు టెన్త్ తెలుగు వాచకం గుర్తుందన్నారు కదా, అది చాలు. సందర్భ సహిత వ్యాఖ్యల్లో ఏం రాసేవాళ్లం? కవి ఎవరు, సందర్భం ఏంటి, భావం ఏంటి, చివర్న విశేషం. మీ పాప మొదటి మూడూ రాసేసి ఆపేసింది. ప్రొఫెసర్‌కి కావాల్సింది ఆ నాలుగోది, రెండు పేజీలూ అదే. మనం విశేషం అంటే ఉపమాలంకారం ఉంది, భావం రమ్యంగా ఉంది అని రాసి వదిలేసేవాళ్లం, ఇక్కడ అలా కుదరదు, ఇక్కడే ఈ మాట ఎందుకు వాడాడు, దానివల్ల ఎవరి కథ కనపడుతోంది ఎవరి కథ మరుగున పడుతోంది అని నిరూపించాలి.

బ్రాడ్‌ఫర్డ్‌నే తీసుకుందాం. తొమ్మిదో అధ్యాయం చివర్న ఓడ కేప్ కాడ్ దగ్గర ఆగుతుంది, 1620 నవంబరు. అక్కడ ఆయన కథ చెప్పడం ఆపేస్తాడు, ఇక్కడ కాసేపు ఆగకుండా ఉండలేకపోతున్నా, ఈ నిరుపేదల స్థితి తల్చుకుంటే నిర్ఘాంతపోతున్నా అంటాడు. తర్వాత పేరాలో ఏముందో చూడండి, ఉన్నవాటి గురించి కాదు, లేనివాటి గురించి రాస్తాడు. పలకరించే స్నేహితుల్లేరు, సత్రాల్లేవు, ఇళ్లు లేవు, ఊళ్లు లేవు. ఎదురుగా ఉన్నది భయంకరమైన అడవి, క్రూరమృగాలు, అడవి మనుషులు. సమ్మరీ అంటే "వాళ్లు చాలా కష్టాలు పడ్డారు" అని రాయడం. మీ పాప బహుశా ఇదే రాసుంటుంది.

ఇప్పుడు ఆ పక్క అధ్యాయం తెరవండి. అదే మనుషులు నాలుగు రోజులు తిరిగేసరికి ఒడ్డుకెళ్లి ఏం చూశారో బ్రాడ్‌ఫర్డే రాస్తాడు. కోత కోసిన పొలాలు, సమాధులు, ఒకప్పుడు ఇల్లున్న చోటు, అక్కడ కొన్ని పలకలు, ఒక పెద్ద కెటిల్. కొత్తగా చేత్తో అద్దిన ఇసక దిబ్బలు, తవ్వితే బుట్టల నిండా మొక్కజొన్న. అది తీసుకెళ్లిపోయారు కూడా. మరి ఊళ్లూ ఇళ్లూ లేని అడవిలో మొక్కజొన్న బుట్టలు ఎవరు పాతిపెట్టారు? ఒకే పుస్తకంలో రెండు అధ్యాయాలు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయి, అదీ పేపర్. ఇంకో సంగతి, ఆయన ఇది రాయడం మొదలుపెట్టింది 1630లో, అంటే ఒడ్డున దిగిన పదేళ్లకి. పక్కనే కొత్త కాలనీలొచ్చి తన జనం చెదిరిపోతున్నారని ఆయనకి బెంగ, అందుకే ఆ పేరాలోనే ఈ తండ్రుల పిల్లలు ఇలా చెప్పుకోవద్దా అంటాడు. ఆ ఒడ్డు ఎంత ఖాళీగా ఉంటే తండ్రులు అంత గొప్పవాళ్లవుతారు.

చరిత్ర కొంచెం తెలిస్తే ఇంకా బలం వస్తుంది. వాళ్లు కట్టుకున్న ప్లిమత్ ఊరు పటక్సెట్ అనే వాంపనోగ్ (అక్కడి నేటివ్ జనం) ఊరి స్థలంలోనే ఉంది, 1616 నుంచి మూడేళ్లు జబ్బులొచ్చి ఆ ఊరు ఊరంతా తుడిచిపెట్టుకుపోయింది. వీళ్లకి ఇంగ్లిష్‌లో మాట్లాడి సాయం చేసిన టిస్క్వాంటం (పిల్లలకి స్క్వాంటో అని తెలుసు) ఆ ఊరివాడే, 1614లో ఒక ఇంగ్లిష్ కెప్టెన్ ఎత్తుకెళ్లి స్పెయిన్‌లో అమ్మబోయాడు, తిరిగొచ్చేసరికి తనవాళ్లెవరూ లేరు. కానీ ఇది ఒకటి రెండు వాక్యాలకి మించకూడదు, లేకపోతే అది హిస్టరీ పేపర్ అయిపోతుంది, దానికీ నేను మార్కులు కోస్తాను.

డ్రాప్ వద్దు. రీరైట్ ఇస్తారేమో అడగమనండి, చాలామంది ఇస్తాం.

కరీంనగర్_టు_కేటీ:

ఎవరూ ఏమనుకోవద్దు గానీ నాకు తెల్వక అడుగుతున్న, పిల్ల ప్రీమెడ్ అంటుంది, నాలుగొందల ఏండ్ల కింది పాస్టర్ల ప్రసంగాలు చదివితే ఏమొస్తది? దీనికన్న ఏపీ లిట్ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ లిటరేచర్, హైస్కూల్లనే చెప్తరు) తీసుకుంటే అయిపోవు, మే నెలలో ఒక్క పరీక్ష, బాగ రాకుంటే స్కోరు పంపకుంటే సరి, ట్రాన్స్‌క్రిప్ట్ మీద మచ్చ ఉండదు. డ్యూయల్ క్రెడిట్ చీప్ అని అందరు ఉరుకుతున్నరు, మళ్ల ప్రైవేట్ యూనివర్సిటీలు చానా వరకు ఆ క్రెడిట్ తీసుకోవు. మా పక్కింటోళ్ల పిల్లగానికి గట్లనే అయింది, రెండేండ్లు చేసిన క్లాసులు ఒక్కటి కూడ పనికి రాలే. మనోళ్లు లెక్కలు సైన్సులల్ల ముందుంటరు, ఈ లిటరేచర్ల కొట్లాట మనకెందుకు?

ఆస్టిన్_బావగారు:

@కరీంనగర్_టు_కేటీ ప్రైవేట్ యూనివర్సిటీల విషయం కరెక్టే అన్నా, ఒక్కోదానిది ఒక్కో రూలు, ముందే చూసుకోవాలి. కానీ టెక్సస్ పబ్లిక్ యూనివర్సిటీలకైతే ఈ కోర్సులకి రాష్ట్రమంతా ఒకటే నంబరింగ్, ట్రాన్స్‌ఫర్ ఇబ్బంది తక్కువ. ఇప్పుడు సెప్టెంబర్ దాటిపోతోంది, ఏపీ క్లాసులోకి దూకడం అయ్యే పని కాదు.

డార్మ్_రూం_ఉప్మా:

హాయ్ ఆంటీ, నేను కాలేజ్ సోఫమోర్ (సెకండియర్), బయాలజీ మేజర్, హైస్కూల్ సీనియర్‌గా జార్జియాలో ఇదే కోర్సు చేశా (అక్కడ డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ అంటారు). నా తెలుగు టైపింగ్ అమ్మ నేర్పింది, తప్పులుంటే సారీ.

అంకుల్ చెప్పిన పాస్టర్ల ప్రసంగాలు నిజమే, కానీ అవి మొదటి అయిదారు వారాలే. జొనాథన్ ఎడ్వర్డ్స్ అని ఒకాయన 1741లో కనెటికట్‌లో ఎన్‌ఫీల్డ్ అనే ఊళ్లో ఇచ్చిన ప్రసంగం ఉంటుంది, దేవుడు నిన్ను సాలీడుని పట్టుకున్నట్టు మంట మీద వేలాడదీసి పట్టుకున్నాడు అంటాడు. పేజీ మీద చదివితే నాకు బోర్ కొట్టింది. తర్వాత రూమ్‌లో గట్టిగా చదివా, అప్పుడు తెలిసింది, ఆయన మొదట దుర్మార్గులు, వాళ్లు, వీళ్లు అంటూ మొదలుపెట్టి మధ్యలో మెల్లగా నువ్వు, నువ్వు, నువ్వు అనడం మొదలుపెడతాడు, ఎక్కడ మారాడో పట్టుకోవడమే నా పేపర్. పాపకి చెప్పండి, అన్నీ బయటికి చదవమని, 1700ల రాతలు చెవికోసం రాసినవి.

అందులో నాకు బాగా నచ్చినవి ఇద్దరు ఆడవాళ్లవి. ఆన్ బ్రాడ్‌స్ట్రీట్ అని, 1666లో ఇల్లు కాలిపోయింది, దాని మీద పద్యం రాసింది. అంతా దేవుడిదే, ఆయనే తీసుకున్నాడు, న్యాయమే అని మొదట్లో చెప్పేస్తుంది. బాగానే ఉంది. తర్వాత బూడిద పక్కనుంచి నడుస్తూ ఇక్కడ ఆ ట్రంకుపెట్టె ఉండేది, అక్కడ ఆ చెక్కపెట్టె, ఇంక ఈ బల్ల దగ్గర ఎవరూ భోంచేయరు అని లెక్కపెట్టుకుంటూ ఉంటుంది. మళ్లీ తనని తానే కోప్పడుతుంది. పద్యం మొత్తం ఆ పెనుగులాటే, తను చెప్పే నీతికీ తను చూసే వస్తువులకీ మధ్య.

ఇంకొకరు ఫిలిస్ వీట్లీ. 1761లో ఏడెనిమిదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు ఆఫ్రికా నుంచి తెచ్చి బోస్టన్‌లో అమ్మారు, ఆ ఓడ పేరే ఈ పిల్లకి పెట్టారు, ఫిలిస్ అని. 1773లో పుస్తకం వచ్చింది, అది కూడా లండన్లో. ఆ పద్యాలు ఈ పిల్లే రాసింది అని బోస్టన్ పెద్దమనుషులు 18 మంది సంతకాలు పెట్టి పుస్తకం ముందు వేశారు, గవర్నర్ కూడా అందులో ఉన్నాడు. ఎనిమిది లైన్ల పద్యం ఒకటుంది, ఫస్ట్ చదివితే నన్ను ఇక్కడికి తెచ్చి మేలు చేశారు అని థాంక్స్ చెప్తున్నట్టుంటుంది, క్లాసులో సగం మందికి కోపం వచ్చింది. చివరి రెండు లైన్లలో మాత్రం స్వరం మారుతుంది, గుర్తుపెట్టుకోండి అని క్రిస్టియన్లకే ఆర్డర్ వేస్తుంది, యజమానులకి! టీనేజ్‌లో రాసింది అది.

అంకుల్, మనకెందుకు అన్నారు కదా. థోరో అనే రచయిత వాల్డెన్ చెరువు పక్కన ఉండి రాసిన వాల్డెన్ పుస్తకం చివరి అధ్యాయాలకి వచ్చేసరికి నేను సీట్లో నిటారుగా కూర్చున్నా. శీతాకాలంలో కూలీలు వచ్చి వాల్డెన్ చెరువులో ఐస్ కోసుకెళ్తుంటారు, ఆ ఐస్ ఓడల్లో మద్రాస్, బాంబే, కలకత్తా వెళ్తుంది, ఆ ఊళ్ల జనం నా బావి నీళ్లు తాగుతారు అంటాడు, వెంటనే పొద్దున్నే నేను భగవద్గీత చదువుతా అని రాస్తాడు. ఆ ఐస్ వ్యాపారం ఫ్రెడరిక్ ట్యూడర్ అనే బోస్టన్ ఆయనది, చెన్నైలో మెరీనా బీచ్ ఎదురుగా ఐస్ హౌస్ ఉంది కదా, అది ఆయన 1842లో కట్టించిన గోడౌనే. మా తాతయ్య నెల్లూరు, ఎన్నిసార్లు దాని ముందునుంచి బస్సులో వెళ్లారో, ఫోన్‌లో చెప్తే నమ్మలేదు.

ఒక టిప్. చాట్‌జీపీటీకి ఇచ్చి రాయించుకోవాలని అనిపిస్తుంది, వద్దు. నేను రూల్స్ గురించి కాదు అంటున్నది (అవి కూడా ఉంటాయి, సిలబస్‌లో చూడమనండి), అది రాసేది కరెక్టుగా మీ పాపకి 72 తెచ్చిన రకం పేపరే, నున్నటి సమ్మరీ.

ప్లేనో_అమ్మ:

అందరికీ చాలా చాలా థాంక్స్. సిలబస్ చూశాం, ఒక్కో రెస్పాన్స్ పేపర్ పది శాతమే. వాళ్ల నాన్న లెక్క చూసి చల్లబడ్డారు 😀. పాప ఆఫీస్ అవర్స్‌కి వెళ్లొచ్చింది, రీరైట్ లేదన్నారట, కానీ తక్కువ వచ్చిన ఒక పేపర్ చివర్లో తీసేస్తారట, అది సిలబస్‌లో రెండో పేజీలోనే ఉంది, మేమెవరం చూడలేదు. పంతులమ్మ గారూ, మీరు చెప్పిన మొక్కజొన్న బుట్టల పేరా నేనూ చదివాను, పాపా నేనూ కూర్చుని గంటసేపు మాట్లాడుకున్నాం, మా ఇంట్లో కాలేజ్ అప్లికేషన్లు తప్ప వేరే మాట నడిచి చాన్నాళ్లయింది.

వచ్చే వారం మేరీ రోలండ్‌సన్ మీద పేపర్. ఎక్కడ మొదలుపెట్టాలి? పాప అందులో ఉన్న మాటలు చూసి చిరాకు పడుతోంది, నేటివ్ జనాన్ని అంతలా తిడుతుంటే దీని మీద రేసిస్ట్ అని రాసేస్తా అంటోంది.

పార్ట్‌టైం_పంతులమ్మ:

రేసిస్ట్ అని రాస్తే తప్పు కాదు, కానీ అది మొదటి వాక్యానికే అయిపోతుంది, మిగతా రెండు పేజీలూ ఏం రాస్తుంది? ఆవిడ తిడుతూనే తెలియకుండా ఏం చూపించేస్తోందో చూడమనండి.

తిండి వెంబడి వెళ్లమని నా సలహా. ఇంగ్లిష్ వాళ్లకీ నేటివ్ జనానికీ మధ్య కింగ్ ఫిలిప్స్ వార్ అనే యుద్ధం నడుస్తుండగా 1676 ఫిబ్రవరిలో మసాచుసెట్స్‌లో లాంకాస్టర్ ఊరి మీద దాడి జరుగుతుంది, పాస్టర్ గారి భార్య ఈవిడ, పిల్లలతో సహా పట్టుకెళ్తారు, ఆరేళ్ల కూతురు దారిలోనే పోతుంది. పదకొండు వారాలకి 20 పౌండ్లిచ్చి విడిపిస్తారు. పుస్తకం 1682లో వచ్చింది. మొదటి వారం దాదాపు ఏమీ తినలేదు అంటుంది, రెండో వారం ఆకలికి నీరసం, అయినా వాళ్ల చెత్త గొంతు దిగలేదు, మూడో వారానికి అదే తిండి రుచిగా ఉంది అంటుంది. అక్కణ్నుంచి ప్రతి తిండి దగ్గరా ఆగమనండి. ఇంగ్లిష్ వాళ్లు కింగ్ ఫిలిప్ అని పిలిచిన మెటాకామ్, ఆ యుద్ధానికి పేరు ఆయనదే, తన కొడుక్కి చొక్కా కుట్టమని అడిగి షిల్లింగ్ ఇస్తాడు, అది తనని బందీగా ఉంచుకున్న యజమానికి ఇవ్వబోతే ఆయన నువ్వే ఉంచుకో అంటాడు, దాంతో గుర్రం మాంసం కొనుక్కుంటుంది. తర్వాత భోజనానికి పిలిచి రెండు వేళ్లంత అట్టు పెడతాడు, ఎలుగుబంటి కొవ్వులో వేయించింది, జీవితంలో అంత మంచి తిండి తినలేదన్నట్టు రాస్తుంది. అనాగరికులు అని తిట్టిన వాళ్లతో కూలీ తీసుకుని, కొనుక్కుని, విందుకెళ్తోంది.

పద్దెనిమిదో రిమూవ్ (ఆవిడ అధ్యాయాల్ని అలా అంటుంది) అసలైంది. ఒక ఇంగ్లిష్ పిల్లాడు, వాడూ బందీయే, ఉడికించిన గుర్రం కాలు కొరకలేక చప్పరిస్తూ కూర్చుంటాడు. ఈవిడ వాడి దగ్గర్నుంచి తీసుకుని తినేస్తుంది. రుచిగా ఉంది అని రాసి, వెంటనే బైబిల్లోంచి యోబు మాట ఒకటి పెడుతుంది. ఆ మాట అక్కడ ఎందుకు పెట్టింది? పశ్చాత్తాపమా, సమర్థనా? ఈ ఒక్క ప్రశ్నకి రెండు పేజీలు సరిపోవు.

ఇంకా ఓపికుంటే వీటమూని చూడమనండి. రోలండ్‌సన్ బందీగా ఆమె దగ్గరే పని చేసింది. గర్విష్ఠి, జుట్టుకి పొడి అద్దుకుని, మొహానికి రంగేసుకుని రోజూ ముస్తాబుకి గొప్పింటివాళ్లంత సేపు గడుపుతుంది అని రాస్తుంది. నిజానికి వీటమూ పొకాసెట్ జనానికి నాయకురాలు, యుద్ధం నడిపిన మనిషి. ఆ ముస్తాబు మాటలు ఎవరికి వినపడాలని రాసిందో ఆలోచిస్తే బ్రాడ్‌ఫర్డ్ ఖాళీ ఒడ్డు దగ్గరికే వస్తాం. కానీ ఒక పేపర్‌కి ఒకటే చాలు, తిండో వీటమూనో ఏదో ఒకటి ఎంచుకోమనండి. కొటేషన్లు చిన్నవి, పేజీ నంబర్లు క్లాసులో చెప్పిన ఎడిషన్‌వే వెయ్యాలి, ఆన్‌లైన్‌లో ఫ్రీగా దొరికింది చదివితే పేజీలు కలవక మార్కులు పోతాయి.

కరీంనగర్_టు_కేటీ:

గుర్రం కాలు సంగతి మాత్రం మస్తుగుంది. ఈ పుస్తకం ఫ్రీగా ఎక్కడ దొరుకుతది?

డార్మ్_రూం_ఉప్మా:

ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉంది అంకుల్, చిన్నదే, ఒక వీకెండ్‌లో అయిపోతుంది 😄